నేల కుంగలేదంటే, కొలిచిన పద్ధతి అడగండి

2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్‌లో వందల ఇళ్లు బీటలు వారాయి. 2022 డిసెంబర్ 27 నుంచి జనవరి 8 వరకు, 12 రోజుల్లో నేల దాదాపు 5.4 సెంటీమీటర్లు కుంగిందని హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టింది. అంతకుముందు ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా ఏడు నెలల్లో కుంగింది దాదాపు 9 సెంటీమీటర్లు. ఆ నివేదికను కొద్ది రోజులకే వెబ్‌సైట్ నుంచి తీసేశారు.

ఉపగ్రహ చిత్రం విశాలమైన ప్రాంతాన్ని ఒకేసారి చూపుతుంది. ఒక్కో ఇంటి దగ్గర ఎంత కదిలిందో తేల్చాలంటే నేల మీద జీపీఎస్ రిసీవర్ పెట్టి కొలవాలి. అందులోనూ పద్ధతులు వేరు.

ఆర్‌టీకేలో ఒక బేస్ రిసీవర్‌ను కదలని చోట పెట్టి, ఇంకోదానితో పాయింట్ పాయింట్‌కూ తిరుగుతారు. సెకన్లలో రీడింగ్ వస్తుంది. కానీ ఎత్తులో రెండు మూడు సెంటీమీటర్ల తేడా మామూలే.

స్టాటిక్ పద్ధతిలో రిసీవర్లను గంటల తరబడి కదపకుండా ఉంచి, తర్వాత లెక్క కడతారు. కొద్ది మిల్లీమీటర్ల కదలిక కూడా తెలుస్తుంది.

పీపీపీకి దగ్గరలో బేస్ అక్కర్లేదు. ఉపగ్రహాల కక్ష్యలు, గడియారాల కచ్చితమైన వివరాలతో లెక్క కడతారు. రీడింగ్ నిలకడకు రావడానికి అరగంటో, అంతకన్నా ఎక్కువో పడుతుంది.

రిసీవర్‌ను ఒకే చోట శాశ్వతంగా బిగిస్తే రోజురోజుకూ కదలిక తెలుస్తుంది. ఖర్చు మాత్రం ఎక్కువ.

ఏడు నెలల్లో 9 సెంటీమీటర్లంటే నెలకు సెంటీమీటర్ చిల్లర. నెల తేడాతో రెండుసార్లు ఆర్‌టీకేతో కొలిస్తే ఆ కదలిక పొరపాటు హద్దులోనే కలిసిపోతుంది. అప్పుడు రిపోర్టులో ‘కదలిక లేదు’ అని రాస్తే అది తప్పు. ‘ఈ పద్ధతికి కనిపించలేదు’ అని రాయాలి. బేస్‌ను కుంగుతున్న నేల మీదే పెడితే రెండు రిసీవర్లూ కలిసి దిగుతాయి, తేడా సున్నా వస్తుంది.

సర్వే మీద పరిశోధన చేస్తున్న మేము ఈ లెక్కలు ఇక్కడ ఎందుకు చెబుతున్నామంటే, ఊరు మనకు వదిలిన నేల చాలాచోట్ల పల్లమో, వాగు గట్టో, క్వారీ అంచో. పట్టా లేని ఇల్లు మ్యాప్‌లో ఉండదు. మ్యాప్‌లో లేని చోట పాయింట్ పడదు. పాయింట్ పడని చోట కుంగుబాటు రికార్డుకెక్కదు. రికార్డు లేకపోతే పరిహారమూ లేదు.

అందుకే సర్వే జరిగితే సమాచార హక్కు దరఖాస్తులో మూడు ప్రశ్నలు అడగండి. ఏ పద్ధతిలో కొలిచారు, పొరపాటు హద్దు ఎంత? బేస్ ఎక్కడ పెట్టారు? మన వాడలో ఎన్ని పాయింట్లు పెట్టారు? ఈలోగా గోడ బీట పక్కన స్కేలు పెట్టి, తేదీ రాసి, నెలనెలా ఫోటో తీసి దాచుకోండి. అదీ కొలతే.