వార్తల్లో పదం: స్వేచ్ఛాజీవి అమీబా

మంచినీటిలో, మట్టిలో మరో జీవి ఒంటిని ఆశ్రయించకుండానే బతకగల ఏకకణ జీవులివి. జగిత్యాల, కోరుట్ల చెరువుల బురదలాంటి చోట్లు వీటికి అనువైనవే. 2025లో కేరళలో మెదడు జబ్బు మరణాలతో వీటిలో ఒకటైన నేగ్లేరియా ఫౌలెరీ వార్తల్లోకెక్కింది. దాని బంధువు, మనకు హాని చేయని నేగ్లేరియా గ్రూబెరీ జన్యుపటాన్ని 2010లోనే ప్రచురించారు: సుమారు 4.1 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు, 15,727 జన్యువులు. ఆక్సిజన్‌తో బతికే ఈ జీవిలో హైడ్రోజన్ పుట్టించే ఎంజైము జన్యువూ బయటపడింది. దాంతో ఆక్సిజన్ లేకున్నా ఇది నెగ్గుకొస్తుందన్న ఊహ బలపడింది.

జన్యువు ఉన్నంత మాత్రాన అది పనిచేస్తున్నట్టు కాదు. సిరిసిల్లలో ఆగి ఉన్న సాంచాను (మరమగ్గాన్ని) చూసి, దానిమీద చీర నేస్తారో, స్కూలు యూనిఫాం బట్ట నేస్తారో చెప్పలేం కదా! 2018 నాటి ప్రయోగాల్లో గ్రూబెరీ పెరగాలంటే ఆక్సిజన్ ఉండాల్సిందేనని, గ్లూకోజు కన్నా కొవ్వులనే ఎక్కువగా వాడుకుంటుందని తేలింది. మరి జన్యుపటం దండగేనా? అలా అనడం తొందరపాటే. ఏ దారి వెతకాలో చూపేది అదే. ఉదాహరణకు, మన కణపొరల్లో కొలెస్టరాల్ ఉంటే, నేగ్లేరియాలకు కావాల్సింది ఎర్గోస్టెరాల్. దాని తయారీని అడ్డుకునే ఫంగస్ మందులు కొన్ని ప్రయోగశాలలో ఫౌలెరీ ఎదుగుదలను ఆపాయి. రోగి విషయంలో చిక్కల్లా, అమీబా ముక్కులోంచి మెదడుకు చేరాక వైద్యుడికి దొరికే వ్యవధి కొద్ది రోజులే.