వార్తల్లో పదం: సీ లైస్

సాల్మన్ పెంపకం వార్తల్లో తరచూ వినిపించే ‘సీ లైస్’ పేరుకు పేనే గానీ కీటకం కాదు. రొయ్యలు, పీతల కోవకు చెందిన పరాన్నజీవి. గుడ్డులోంచి వచ్చిన లార్వా కొన్నాళ్లు నీటిలో తేలుతూ, చేప తగలగానే పట్టుకుంటుంది. దాని ఒంటి జిగురునూ చర్మాన్నీ నెత్తురునూ తింటూ పెరుగుతుంది.

పెద్ద సాల్మన్ నాలుగైదు పేలను తట్టుకుంటుంది. పిల్లల సంగతి వేరు. పింక్ సాల్మన్ పిల్ల నదిలోంచి సముద్రంలోకి దిగేనాటికి గ్రాము కూడా తూగదు, పొలుసులైనా సరిగా ఏర్పడవు. ఒకటి రెండు పేలు పట్టినా ప్రాణం మీదికి రావచ్చు. ప్రకృతి దీనికొక అడ్డు పెట్టింది. పేలున్న పెద్ద చేపలు శరదృతువుకల్లా నదులెక్కుతాయి, మంచినీటిలో పేలు చచ్చిపోతాయి, పిల్లలు వసంతంలో సముద్రానికి వస్తాయి. తీరం దగ్గర ఏడాది పొడవునా లక్షల చేపలను ఉంచే వల పంజరాలు ఆ అడ్డును తీసేశాయి. కెనడాలోని బ్రాటన్ దీవుల వద్ద 2001లో పిల్లల ఒంటిమీద పేలు విపరీతంగా కనిపించాక వివాదం రాజుకుంది.

పంజరాల్లో పేలను చంపడానికి మందులు వాడగా వాడగా, వాటికి పేలు లొంగడం తగ్గింది. సహజంగా పెరిగే సాల్మన్ పిల్లలకు పేల వల్ల ఎంత ముప్పుందో చూసే, ఏ ప్రాంతంలో పెంపకాన్ని పెంచాలో తగ్గించాలో నార్వే 2017 నుంచి తేలుస్తోంది. ఇది న్యాయమైన కొలమానం. పేరు కలిసినా, మన చెరువుల్లో బొచ్చె, శీలావతిని పీడించే చేప పేను వేరు, అది మంచినీటిది.

బ్రాటన్ దీవులున్న బ్రిటిష్ కొలంబియా తీరంలో వల పంజరాల్లో సాల్మన్ పెంపకాన్ని 2029 జూన్ 30 నాటికి ఆపేస్తామని కెనడా 2024లో ప్రకటించింది.