వాఖావ్ లోయలో 36 కిలోమీటర్లు: గుర్రాల బాట మీద సైకిల్ ప్రయాణం

యూరప్‌లో సైకిల్ అనగానే మనకి ఆల్ప్స్ కొండలు, టూర్ డి ఫ్రాన్స్‌లో రొప్పుతూ ఘాట్ ఎక్కే రైడర్లు గుర్తొస్తారు. ఇవాళ చెప్పబోయే దారి అలాంటిది కాదు. ఆస్ట్రియాలో డాన్యూబ్ నది ఒడ్డున మెల్క్ అనే ఊరి నుంచి క్రెమ్స్ అనే ఊరి దాకా సుమారు 36 కిలోమీటర్లు. ఈ లోయ పేరు వాఖావ్. ఒక పక్క నది, ఇంకో పక్క కొండల మీద ద్రాక్షతోటలు, మధ్యలో వందల ఏళ్ల నాటి చిన్న చిన్న ఊళ్లు. గేర్లు లేని సైకిల్ మీద కూడా వెళ్లిపోవచ్చు. మెల్లగా తొక్కినా రెండున్నర గంటలు. కానీ నా మాట వింటే రోజంతా పెట్టుకోండి.

ముందు ఒక ప్రశ్న. రెండు వైపులా కొండలున్న లోయలో దారి ఇంత చదునుగా ఎలా ఉంది? సైకిళ్ల కోసం ఎవరైనా కొండ తవ్వి వేశారా? లేదండీ. చాలా చోట్ల ఇది గుర్రాల దారి. స్టీమర్లు రాకముందు సరుకు పడవలు దిగువకి ప్రవాహంతో పాటు వచ్చేసేవి. మరి ఎగువకి వెళ్లాలంటే? తాళ్లు కట్టి, ఒడ్డు మీద నుంచి గుర్రాలతో లాగించేవారు. పెద్ద పడవల వరస అయితే పదుల సంఖ్యలో గుర్రాలు కావాలి. మన గోదావరి కాలవల మీద కూడా ఒకప్పుడు మనుషులే గట్టు మీద నడుస్తూ తాడుతో పడవల్ని లాగేవాళ్లు. ఇక్కడ ఆ పని గుర్రాలు చేశాయి. గుర్రం అంత బరువు లాగాలంటే బాట నీళ్ల పక్కనే ఉండాలి, ఎత్తుపల్లాలు ఉండకూడదు. 1830 నుంచి డాన్యూబ్‌లో స్టీమర్లు తిరగడం మొదలయ్యాక ఆ బాటలకి మెల్లమెల్లగా పని తగ్గింది. వాటి మీదే ఇప్పుడు మనం సైకిల్ తొక్కుతున్నాం. జర్మనీలోని పాస్సావ్ నుంచి వియన్నా దాకా దాదాపు 330 కిలోమీటర్ల డాన్యూబ్ సైకిల్ దారి ఉంది. అందులో వాఖావ్ ఒక ముక్క, అందరూ ఇష్టపడే ముక్క.

గుర్రాలు ఎగువకి లాగాయి కదా, మనం మాత్రం దిగువకే వెళ్దాం. అంటే మెల్క్‌లో మొదలుపెట్టి క్రెమ్స్ వైపు. నది అటే పారుతుంది, గాలి కూడా ఎక్కువ రోజులు పడమర నుంచే వీస్తుంది. వీపు మీద గాలి ఉంటే సైకిల్ ఎంత తేలిగ్గా పోతుందో తొక్కిన వాళ్లకి తెలుసు.

మెల్క్‌లో స్టేషన్ దిగగానే కొండ మీద పసుపు రంగులో ఒక పెద్ద మఠం కనిపిస్తుంది. 1089 నుంచి అక్కడ బెనెడిక్టిన్ సన్యాసులు ఉంటున్నారు. ఇప్పుడు కనిపించే భవనం మాత్రం 1702లో మొదలుపెట్టి 1736కి పూర్తి చేసింది. లైబ్రరీ తప్పక చూడండి. తర్వాత వంతెన దాటి ఉత్తర ఒడ్డుకి రండి. దక్షిణ ఒడ్డు మీద కూడా సైకిల్ దారి ఉంది, అటు కార్లు తక్కువ, ప్రశాంతంగా ఉంటుంది. కానీ పాత ఊళ్లు, మెట్ల తోటలు ఎక్కువగా ఉత్తరానే ఉన్నాయి.

కొంత దూరం వెళ్లాక విల్లెన్‌డార్ఫ్ వస్తుంది. ఆగకపోతే గమనించకుండానే దాటేస్తారు, అంత చిన్న ఊరు. 1908లో ఇక్కడ రైలు మార్గం వేస్తుంటే తవ్వకంలో 11 సెంటీమీటర్ల రాతి బొమ్మ ఒకటి దొరికింది, ఒక స్త్రీ బొమ్మ. వయసు సుమారు 30,000 ఏళ్లు. ‘విల్లెన్‌డార్ఫ్ వీనస్’ అని ప్రపంచమంతా తెలుసు. అసలు బొమ్మ వియన్నా మ్యూజియంలో ఉంది.

తర్వాత ష్పిట్స్. నాకు ఈ లోయలో అన్నిటికంటే ఆశ్చర్యమనిపించేది ఇక్కడి రేవు. సైకిళ్లనీ కార్లనీ అవతలి ఒడ్డుకి చేర్చే ఒక బల్లకట్టు ఉంది. దానికి ఇంజిన్ లేదు! నది మీద ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి పైన ఇనుప తాడు కట్టి ఉంటుంది, బల్లకట్టు దానికి వేలాడుతుంది. నడిపే మనిషి దాన్ని కొంచెం ఏటవాలుగా తిప్పుతాడు. ప్రవాహం వచ్చి పక్కకి తోస్తుంది, అంతే, అవతలి ఒడ్డు. డీజిల్ లేదు, చప్పుడు లేదు. వైసెన్‌కిర్ఖెన్ ఊళ్లో కూడా ఇలాంటిదే ఉంది.

ఇది నడవాలంటే నది పారుతూ ఉండాలి. ఇక్కడే అసలు కథ ఉంది. ఆస్ట్రియాలో డాన్యూబ్ దాదాపు 350 కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం కరెంటు కోసం కట్టిన డ్యామ్‌ల మధ్య నిలిచిన నీళ్లే. ఇంకా స్వేచ్ఛగా పారే ముక్కలు రెండే మిగిలాయి. ఒకటి వియన్నాకి తూర్పున, రెండోది ఇదే, వాఖావ్. అది కూడా ఊరికే మిగల్లేదు. 1970లలో ఈ లోయలోనే జలవిద్యుత్ కేంద్రం కట్టాలని ప్లాన్ వేశారు. ఇక్కడి జనం కమిటీలుగా ఏర్పడి ఏళ్ల తరబడి వ్యతిరేకించారు. 1980లలో ఆ ప్లాన్ పక్కన పెట్టేశారు. 2000లో యునెస్కో ఈ లోయని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. డ్యామ్ కట్టి ఉంటే నీటిమట్టం పెరిగేది, ప్రవాహం నెమ్మదించేది, ఒడ్డు మారిపోయేది. కరెంటు వద్దా అంటే, కావాలి. మెల్క్ దగ్గరే ఒక కేంద్రం ఉంది, సైకిల్ దారి నుంచి చూడొచ్చు కూడా. కానీ అన్ని కిలోమీటర్లూ దానికే ఇచ్చేయక్కర్లేదని వీళ్లు గట్టిగా నిలబడ్డారు.

ఇప్పుడు తల ఎత్తి కొండ వైపు చూడండి. తోటలన్నీ మెట్లు మెట్లుగా ఉంటాయి. ప్రతి మెట్టుకీ ఒక రాతి గోడ. సిమెంటు లేదు, సున్నం లేదు, రాయి మీద రాయి పేర్చిందే. వాన నీళ్లు సందుల్లోంచి బయటికి పోతాయి కాబట్టి గోడ ఉబ్బి కూలదు. పగలంతా ఎండకి రాళ్లు వేడెక్కి, రాత్రి ఆ వేడిని ద్రాక్షకి ఇస్తాయి. మధ్యయుగాల్లో మఠాల వాళ్లు మొదలుపెట్టిన పని ఇది. ట్రాక్టర్ పట్టని చోట ఇప్పటికీ చేత్తోనే కోయాలి, చేత్తోనే గోడ సరిచేయాలి. ఒక రాయి జారిందని వదిలేస్తే కొన్నేళ్లకి మెట్టే జారిపోతుంది. అందుకే ఇక్కడి వైన్ ఖరీదు చూసి అమ్మో అనుకునే ముందు ఆ గోడ వైపు ఒకసారి చూడాలి.

ఇక్కడి వైన్‌కి మూడు తరగతులు. 11.5 శాతం లోపు ఆల్కహాల్ ఉన్న తేలికపాటిది ష్టైన్‌ఫెడర్, ఈ కొండల మీద పెరిగే ఒక గడ్డి పేరు. మధ్యలోది ఫెడర్‌ష్పీల్. 12.5 శాతం, ఆపైన ఉంటే స్మరాగ్డ్. అంటే పచ్చ. ఎండకి ఆ రాతి గోడల మీద పడుకునే పచ్చ బల్లి పేరు పెట్టారు. రైతు ఇంట్లోనే తన వైన్ అమ్ముకోవచ్చని 1784లో చక్రవర్తి రెండో జోసెఫ్ అనుమతి ఇచ్చాడు. ఇప్పటికీ గుమ్మం మీద పచ్చ కొమ్మల గుత్తి కట్టి ఉంటే ‘ఇవాళ తెరిచాం, రండి’ అని అర్థం. తాగే వాళ్లకి ఒక మాట, ఆస్ట్రియాలో సైకిల్‌కి కూడా పరిమితి ఉంది. లీటరు రక్తంలో 0.8 గ్రాములు దాటితే ఫైన్ పడుతుంది. తాగని వాళ్లకి ఏం లోటు లేదు. ఈ లోయ ఆప్రికాట్లకి కూడా ఫేమస్. మన ఖుబానీ కా మీఠాలో వేసే పండే, కాకపోతే ఇక్కడ తాజాది. జూలైలో వెళ్తే రోడ్డు పక్కనే అమ్ముతారు.

డ్యూర్న్‌స్టైన్ దగ్గర సైకిల్ కింద పెట్టి కొండ ఎక్కండి. పైన శిథిలమైన కోట ఉంది. ఇంగ్లాండ్ రాజు రిచర్డ్, అదే ‘సింహహృదయుడు’ అంటారే, ఆయన్ని ఇక్కడే బంధించారు. క్రూసేడ్ యుద్ధంలో ఏకర్ నగరం పట్టుకున్నప్పుడు ఆస్ట్రియా డ్యూక్ లియోపోల్డ్ జెండాని రిచర్డ్ మనుషులు కింద పడేశారు. ఆ అవమానం లియోపోల్డ్ మర్చిపోలేదు. తిరుగు ప్రయాణంలో రిచర్డ్ మారువేషంలో ఈ దేశం మీదుగా వెళ్తూ 1192 డిసెంబరులో వియన్నా దగ్గర దొరికిపోయాడు. విడిపించడానికి అడిగిన సొమ్ము 1,50,000 మార్కుల వెండి. దానికోసం ఇంగ్లాండ్‌లో జనం మీద ఆదాయంలో నాలుగో వంతు పన్ను వేశారు. అందులో లియోపోల్డ్ వాటాతో వియన్నా ప్రాకారాలు లేచాయి, వీనర్ నాయ్‌ష్టాట్ అనే కొత్త ఊరే పుట్టింది. జెండా చాలా ఖరీదు పడింది.

కిందికి దిగి ఊళ్లలో నడిచేటప్పుడు గోడల మీద గీతలు, పక్కన ఏళ్లు రాసి ఉంటే గమనించండి. వరద నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ గుర్తులు. 2002, 2013లో పెద్ద వరదలు వచ్చాయి. పారే నదిని ఉంచుకుంటే దీనికీ సిద్ధపడాలి. వీళ్ల ఉపాయం ఏంటంటే, చాలా చోట్ల విప్పి పెట్టుకునే అల్యూమినియం గోడలు. వరద వస్తోందంటే నిలబెడతారు, తగ్గాక విప్పేస్తారు. శాశ్వతంగా ఎత్తు గోడ కడితే ఊరికి నది కనిపించదు కదా.

వెళ్లాలనుకునే వాళ్లకి, ముఖ్యంగా జర్మనీ, ఆస్ట్రియాల్లో చదువుకుంటున్న మన వాళ్లకి: వియన్నా నుంచి మెల్క్‌కి రైలు, క్రెమ్స్ నుంచి మళ్లీ వియన్నాకి రైలు, తిరుగు ప్రయాణం సుమారు గంట. పూత చూడాలంటే మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో. ద్రాక్ష కోతలు సెప్టెంబరు, అక్టోబరుల్లో. రైల్లో సైకిల్‌కి విడిగా టికెట్ ఉంటుంది, అది ముందే తీసుకోండి.