వార్తల్లో పదం: గుడ్‌జిమ్

పరుగును, శ్రమదానాన్ని ఒకే సాయంత్రంలో కలిపే బ్రిటన్ సంస్థ గుడ్‌జిమ్. ఐవో గోర్మ్‌లీ 2009లో తూర్పు లండన్‌లో దీన్ని మొదలుపెట్టారు. జిమ్ యంత్రాల మీద ఊరికే ఖర్చయ్యే సత్తువను ఇరుగుపొరుగుకు అక్కరకొచ్చేలా మళ్లించాలన్నది ఆలోచన.

బృందం ఒకచోట కలిసి, కొన్ని కిలోమీటర్లు పరుగెత్తి పనిచోటికి చేరుతుంది. పని ముగించి మళ్లీ పరుగునే తిరిగొస్తుంది. ఇది పోటీ కాదు. నిదానంగా పరుగెత్తేవారినీ కలుపుకొనే వెళ్తారు.

ఈ పద్ధతికి బాగా నప్పే చోటు సిటీ ఫామ్. లండన్‌లోని కెంటిష్ టౌన్‌లో 1972లో మొదలైన ఈ తరహా పొలాల్లో ఇళ్ల నడుమే మేకలు, కోళ్లు, కూరగాయల మడులు ఉంటాయి. సిబ్బంది తక్కువ, చాకిరీ ఎక్కువ. గేటు దగ్గర కుప్పపోసిన కంపోస్టును ఇద్దరు తోడాలంటే రోజంతా పడుతుంది. ఇరవై మంది పారలు, ఒంటిచక్రం బండ్లు పడితే గంటలో మడులకు చేరుతుంది. శీతాకాలంలో అక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి తలకు దీపాలు కట్టుకుని పనిచేస్తారు. కొమ్మల కత్తిరింపు వంటి నేర్పు పనులు కొత్తవారికి అప్పగించకపోవడమే మేలు. కలుపుతీత, ఎరువు మోత చాలు.

ఒంటరి వృద్ధులను పలకరించడానికి క్రమం తప్పకుండా పరుగున వెళ్లడం ఇందులో మరో భాగం. ఆ పెద్దలే రన్నర్‌కు ‘కోచ్’. ఎదురుచూసే మనిషి ఉంటే పరుగు ఎగ్గొట్టడం కష్టం.