రాత్రి దీపము చెంతఁ జేరు రెక్కల పురుగులు

మన సభ్యులలోఁ బలువురు రాత్రివేళ దీపము చుట్టును మూఁగిన పురుగులను జూచి, మఱునాఁడే మందు కొనుటకై యప్పు గోరుచున్నారు. ఆ సొమ్ము వడ్డీతోఁ దీర్పవలసినదే గదా. కావున వచ్చిన పురుగేదియో తెలిసికొనిన పిదపనే ముల్లె విప్పుట మేలని మా యభిప్రాయము.

దీపమునకు వచ్చునవన్నియుఁ బైరుకు శత్రువులు గావు. తూర్పు కనుమల యడవులలో నించుమించు జేనెడు వెడల్పు రెక్కలుగల యట్లాసు పురుగు కలదు. దాని రెక్కల కొనలు పాము తలను బోలియుండుటచేఁ బిల్లలు జడియుదురు. రెక్కలు వచ్చిన పిమ్మట నది యేమియుఁ దినదు. గ్రుడ్లు పెట్టి కొలఁది దినములలోఁ జచ్చును. దానిని జంపుట వ్యర్థము.

మనము వెదకవలసినది గోరంత పురుగు. వరి కాండము తొలుచు పురుగులో ఆఁడుది పసుపు వన్నెది. ముందు రెక్కలు రెంటిపై నడుమ నొక్కొక్క నల్లచుక్క యుండును. తోఁకవైపు వెండ్రుకల కుచ్చు కలదు. ఆ వెండ్రుకలతోనే తన గ్రుడ్లను గప్పును. మగది చిన్నది, చుక్క స్పష్టముగాఁ గానరాదు. చదరపు మీటరునకు ఒక రెక్కల పురుగుగాని, యొక గ్రుడ్ల గుంపుగాని కనఁబడినచో నుపేక్షింపరాదు. గ్రుడ్లు ఆకు కొనలయందే యుండును గనుక, నారు కొనలు త్రుంచి నాటుట కాసు ఖర్చు లేని వైద్యము.

గుర్తించుటకుఁ జేతిలోని సెల్‌ఫోనే చాలును. చీఁకటి రాత్రులలో తెల్లని పంచె యొకటి నిలువునఁ గట్టి, ముందు దీపము నుంచుఁడు. పురుగు వాలి కుదురుకొనిన పిదప ఛాయాచిత్రము తీయవలెను. ఫోను వెలుఁగు నెదురుగాఁ గొట్టినచో రెక్కల పొడి మెఱసి చుక్కలు మాసిపోవును. ప్రక్కనుండి లాంతరు పట్టించుట మంచిది. మిక్కిలి దగ్గఱకుఁ బోయిన బొమ్మ మసకయగును. ప్రక్కన నొక రూపాయి బిళ్ల నుంచినఁ బరిమాణము తెలియును. తేదీ, పొలము, పైరు వ్రాసికొనుట మఱవకుఁడు. అవి లేని చిత్రము విలాసము లేని జాబు వంటిది.

అయితే చిత్రమే సర్వస్వము గాదు. చెఱకు పీక పురుగు, జొన్న మొక్కజొన్నల కాండము తొలుచు పురుగు, రెండును గడ్డి రంగువి. రెక్కలను జూచి వేఱుపఱచుట పండితులకును గష్టమే. పొలమునకుఁ బోయి మొవ్వును లాగి చూడుఁడు. చెఱకులో నెండిన మొవ్వు సులువుగ నూడివచ్చి దుర్గంధము గొట్టినచోఁ బీక పురుగని యెఱుంగవచ్చును. 2018 వ సంవత్సరమున మన దేశమునఁ గనుఁగొనఁబడిన కత్తెర పురుగునకు మగదాని రెక్క కొనయొద్దఁ దెల్లమచ్చ కలదు, ఆఁడుదానికి లేదు. అందుచే మొక్కజొన్న సుడిలోని గొంగళిని జూడవలెను: నొసటఁ దలక్రిందులైన కవకొమ్మ గుర్తు, తోఁకయొద్దఁ జదరముగా నాలుగు చుక్కలు.

హాంప్సన్ దొరగారు 1892 మొదలు 1896 వఱకు మన దేశపు రెక్కల పురుగులపై నాలుగు సంపుటములు వెలువరించిరి. ఆయన మొదట నీలగిరులలోఁ దేయాకు తోఁటలు చూచినవారే. సాగుచేయువానికిఁ బురుగుల విద్య తగదనువారు దీనిని గమనింతురు గాక.

సందేహమున్న చిత్రములను మాకుఁ జూపుఁడు. అనకాపల్లి పరిశోధన స్థానమువారికిని జూపవచ్చును. పది గంటలు దాఁటిన పిదప దీపము నార్పివేయుఁడు. రాత్రియెల్ల వెలిఁగినచో శత్రువులతోఁబాటు చీడలను దిను మిత్ర పురుగులును వచ్చి నశించును.