వరుస గెలుపు చూసి మురిసిపోతే వాత తప్పదు

బైరెడ్డిపల్లె:

పేకాట మన పల్లెలకు కొత్త కాదు. తిరునాళ్ల రాత్రుల్లో, తోపుల నీడన మూడు ముక్కలాట, లోపలా-బయటా, రమ్మీ సాగడం పెద్దలు ఎరిగిన సంగతే. అయితే ఆ రోజుల్లో ఎవరు గెలిచిందీ, ఎవరు ఎద్దుల జత అమ్ముకున్నదీ తెల్లారేసరికి ఊరంతా తెలిసిపోయేది. సెల్‌ఫోను వచ్చాక పేకాట జేబులో దూరింది. పక్క మంచంమీద పడుకున్నవారికి కూడా ఇప్పుడు ఆ సంగతి తెలియదు.

ఈ విధంగా ఫోనులో దూరిన ఆటలలో పోకర్ ఒకటి. ఆడే ప్రతి ఒక్కరికీ రెండేసి ముక్కలు రహస్యంగా పంచుతారు. తరువాత నడుమ అయిదు ముక్కలు అందరికీ కనిపించేలా పరుస్తారు. ఈ ఏడింటిలో మేలైన అయిదింటిని కూర్చుకున్నవారిదే పందెం. ఎదుటివారు భయపడి తప్పుకుంటే చేతిలో ఏమీ లేకున్నా గెలవవచ్చు. చిన్న మొత్తం కట్టి పోటీలో చేరితే అందరికీ సమానంగా బిళ్లలు ఇస్తారు. బిళ్లలన్నీ పోయినవారు లేచిపోవాలి. చివరిదాకా నిలిచిన ఇద్దరు ముగ్గురికే బహుమతి.

పోయేది టికెట్టు డబ్బే గదా అన్న ధీమాతో యువకులు ఈ చిన్న పోటీలకు అలవాటు పడ్డారు. అందులో నిజం లేకపోలేదు. చిక్కంతా వరుసగా గెలిచినప్పుడే వస్తున్నది.

లెక్క చూస్తే

ఒక పోటీలో పదిమంది చేరారనుకుందాం. ఒక్కొక్కరు 55 రూపాయలు కట్టారు. అందులో 50 బహుమతి సొమ్ముకు, 5 ఆట నడిపేవారికి. మొత్తం బహుమతి 500. మొదటివారికి 250, రెండవవారికి 150, మూడవవారికి 100. పదిమందీ సమానమైన ఆటగాళ్లయితే ఒకరికి బహుమతి దక్కే అవకాశం పదింట మూడు వంతులు.

అయిదు పోటీలు ఆడితే అయిదింటిలోనూ బహుమతి రావడం అరుదే. కాని అసాధ్యం కాదు. లక్షమంది ఆడితే 243 మందికి ఆ వరుస కుదురుతుంది. అంటే వెయ్యిమందిలో ఇద్దరు ముగ్గురు. వారు మిగిలినవారికంటే తెలివైనవారు కానక్కరలేదు. అంతమంది ఆడుతున్నప్పుడు ఆ వరుస ఎవరో ఒకరి ఇంటి తలుపు తట్టక మానదు. తలుపు తట్టినవాడు మాత్రం అది తన ప్రతిభే అనుకుంటాడు.

అటువంటి ఒక కుర్రవాడు అయిదింటిలో రెండు మొదటి బహుమతులు, ఒక రెండవది, రెండు మూడవవి కొట్టాడనుకుందాం. వచ్చినది 850. టికెట్లకు కట్టినది 275. మిగిలినది 575 రూపాయలు. చేయి తిరిగిందన్న నమ్మకంతో ఈసారి 550 రూపాయల పోటీలో చేరతాడు. అక్కడ ఒక్కసారి ఓడితే చేతిలో మిగిలేది 25 రూపాయలు. అయిదు గెలుపుల ఫలితం ఒక్క ఓటమితో సరి. ఆ పైన ఆడేది అప్పు సొమ్ముతోనే.

ఇంతలో నడిపేవారికి మాత్రం ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా పోటీకి 50 రూపాయలు ముట్టుతూనే వుంటాయి. ఈ ఆటలో ఏనాడూ తప్పని గెలుపు అదొక్కటే.

నైపుణ్యం లేదా?

పోకర్‌లో నేర్పు వున్న మాట వాస్తవమే. రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని హైదరాబాదు ప్రాంతపు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. అయితే నేర్పు బయటపడాలంటే వందలాది పోటీలు ఆడి చూడాలి. చిన్న పోటీలు త్వరగా ముగియాలని కొద్ది నిమిషాలకొకసారి తప్పనిసరి పందెం పెంచుతారు. ఆలోచించే వ్యవధి తగ్గేకొద్దీ అదృష్టం పాలు పెరుగుతుంది.

అమెరికాలో క్రిస్ మనీమేకర్ అనే గణకుడు 2003లో వంద డాలర్ల లోపు టికెట్టుతో ఇంటర్నెట్ పోటీ గెలిచి, ప్రపంచ పోకర్ పోటీలకు వెళ్లి 25 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. ఆ ఏడు ప్రధాన పోటీలో పాల్గొన్నవారు 839 మంది. అతని కథ విన్న తరువాత 2006లో చేరినవారు 8,773 మంది. వారిలోనూ మొదటి బహుమతి ఒక్కరికే.

టమోటా రైతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో కిలో ధర 150 రూపాయలు దాటినప్పుడు లక్షలు కళ్లజూసినవారి కథలు పత్రికలకెక్కాయి. సెప్టెంబరుకల్లా ధర పడిపోయింది. ఒకరి అదృష్టం చూసి నారు పోసినవారికి ఆ అదృష్టం అందలేదు. అయినా టమోటాలో నష్టం వచ్చినా నేల మిగులుతుంది. పేకముక్కలో మిగిలేది ఏమీ లేదు.

చట్టం ఏమంటోంది?

బైరెడ్డిపల్లె కర్ణాటక సరిహద్దు మండలం. పనికోసం బెంగళూరు వెళ్లేవారు ఇక్కడ ఎందరో. ఆన్‌లైన్ పందేల ఆటలను నిషేధించాలని ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2020 సెప్టెంబరులో నిర్ణయించి, 1974 నాటి చట్టాన్ని సవరింపజేసింది. కర్ణాటక 2021లో తెచ్చిన నిషేధాన్ని మాత్రం 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు కొట్టివేసింది. దానితో ఇవతల మూసుకున్న ఆట, ఎల్ల దాటగానే ఫోనులో తెరుచుకునేది.

ఆ తేడాకు 2025లో తెరపడింది. నేర్పు ఆటైనా, అదృష్టపు ఆటైనా, డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు ఆమోదించిన బిల్లుపై ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం చేశారు. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఈ ఆటలవల్ల ప్రజలు 20 వేల కోట్లకు పైగా నష్టపోయారని ప్రభుత్వ అంచనా. పేరున్న కంపెనీలు డబ్బు ఆటలు నిలిపివేశాయి. డబ్బు లేని ఉత్త ఆటకు అడ్డు లేదు.

ఇకపై డబ్బు కట్టించుకొని ఆడిస్తామని ఫోనుకు వచ్చే కబురు ఏదైనా చాటుమాటు వ్యవహారమే. గెలిచిన సొమ్ము ఇవ్వకుంటే అడిగే దిక్కు వుండదు. మోసపోయినవారు వెంటనే 1930కి ఫోను చేయవచ్చు. ఆట మానలేక మనసు చెదిరినవారికి టెలీ మానస్ 14416లో తెలుగులోనే సలహా లభిస్తుంది.

పాలకేంద్రానికి పోసిన ప్రతి లీటరూ, వెన్న శాతమూ పుస్తకంలో రాయించుకునే ఇళ్లు ఇవి. గెలుపు నోటిమీద వుంటుంది, ఓటమి ఎక్కడా రాసి వుండదు. ఫోనులో ఆడినవారు ఏడాది బ్యాంకు ఖాతా కాగితం తెప్పించి, కట్టినది ఒకవైపు, వచ్చినది ఒకవైపు కూడి చూసుకుంటే చాలు. వరుస గెలుపుల అసలు రంగు అందులోనే తేలుతుంది.