మావాణ్ని విడిపించండి!

2025 జులై 1. పశ్చిమాఫ్రికాలోని మాలి దేశం. కాయెస్‌లోని డైమండ్ సిమెంట్ ఫ్యాక్టరీలోకి సాయుధులు చొరబడి ముగ్గురు భారతీయ ఉద్యోగులను ఎత్తుకెళ్లారు. అదే రోజు మాలిలో పలుచోట్ల సైనిక స్థావరాల మీద జరిగిన దాడులు తమ పనేనని అల్ ఖైదా అనుబంధ సంస్థ జేఎన్‌ఐఎం ప్రకటించుకుంది. మర్నాడు మన విదేశాంగ శాఖ ప్రకటన ఇచ్చేదాకా కాయెస్ పేరు మనలో చాలామంది విననైనా లేదు. ఆ ముగ్గురిలో ఒకరు తెలుగువారు.

సిమెంటు ఫ్యాక్టరీలో జరిగిన ఘోరం పల్నాడుకు ఎక్కడిదో వార్త కాదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, కృష్ణ దాటితే హుజూర్‌నగర్ పక్క మళ్లీ అవే చిమ్నీలు. సున్నపురాయి ఉన్న ఈ నేల మీద ఫ్యాక్టరీ పని నేర్చిన ఇంజినీరుకూ, ఎలక్ట్రీషియన్‌కూ పరాయి దేశం నుంచి పిలుపు రావడం వింతేమీ కాదు. ఇక సేద్యం సంగతి చెప్పనక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి గుంటూరు యార్డు దగ్గర రైతులు గగ్గోలు పెడితే, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. పత్తిని గులాబీ రంగు పురుగు తింటోంది. పొలం మీద అప్పు తీరదని తేలిపోయిన ఇంట్లో, చదువుకున్న కొడుకు విమానం ఎక్కడమే మిగిలిన దారి.

ఆ కొడుకు ఫోన్ ఒకరోజు స్విచాఫ్ వస్తుంది.

మొదటి రెండు రోజులు సిగ్నల్ లేదేమో అనుకుంటారు. మూడో రోజు అక్కడే పనిచేసే ఇంకో తెలుగు కుర్రాడి నంబరు వెతుకుతారు. అతను మాట దాటేస్తాడు. కంపెనీకి ఫోన్ చేస్తే తెలియని భాషలో ఎవరో మాట్లాడతారు. ఊళ్లో పెద్దమనిషి, ఎమ్మెల్యే, ఎంపీ... తర్వాత సోమవారం నరసరావుపేటలోనో, ఒంగోలులోనో కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో పాస్‌పోర్టు జిరాక్సు, ఆఫర్ లెటరు, రెండు ఫొటోలు, వాట్సాప్‌లో ఆఖరుసారి మాట్లాడిన టైము కనిపించే స్క్రీన్‌షాట్. కౌలు వివాదాలు, పింఛన్లు, రేషన్ కార్డుల అర్జీల వరసలోనే ఈ కవరు కూడా నిలబడాలి. ఏ అధికారీ కావాలని కాదనడు. కానీ విదేశంలో బందీ అయిన మనిషి గురించి ఏం చేయాలో జిల్లా స్థాయిలో ఎవరికీ స్పష్టంగా తెలియదు.

లిబియా నేర్పిన పాఠం

తెలుగు కుటుంబాలు ఈ బాధ బాగా చూసింది లిబియాలో. 2015 జులై 29న సిర్త్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే నలుగురు భారతీయులు స్వదేశానికి బయల్దేరారు. సిర్త్‌కు కొద్ది దూరంలోని చెక్‌పోస్టు దగ్గర వాళ్లను పట్టుకున్నారు. రెండు రోజుల్లో ఇద్దరు కన్నడిగులు విడుదలయ్యారు. మిగిలిన ఇద్దరూ తెలుగువాళ్లు. ఒకరిది శ్రీకాకుళం జిల్లా టెక్కలి, మరొకరి కుటుంబం హైదరాబాద్‌లో ఉంది. వాళ్లు విడుదలైంది 2016 సెప్టెంబరులో. అంటే పదమూడు నెలలకు పైగా రెండు ఇళ్లలో పండగ లేదు. తోటివాళ్లు రెండు రోజుల్లో విడుదలైతే, మనవాళ్లు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబిచ్చేవారు లేరు. ఆ కుటుంబాలు రెండు రాష్ట్ర ప్రభుత్వాలకూ, ఢిల్లీకీ మొరపెట్టుకుంటూనే ఉన్నాయి. చివరికి విదేశాంగ మంత్రి సుష్మాస్వరాజ్ స్వయంగా విడుదల కబురు ప్రకటించారు.

అదే సిర్త్‌లో ఆస్పత్రిలో పనిచేస్తున్న ఆంధ్రప్రదేశ్ వైద్యుడు ఒకరు కూడా 2015లోనే ఇస్లామిక్ స్టేట్ చేతికి చిక్కారు. ఆపరేషన్లు చేయమని ఒత్తిడి. తాను సర్జన్‌ను కానని చెప్పినా వదల్లేదు. ఒంట్లో తూటాలు దిగాయి. 2017 ఫిబ్రవరిలో ప్రాణాలతో ఇంటికి వచ్చాక ఆయనే ఈ సంగతులు విలేకరులకు చెప్పారు.

2020 సెప్టెంబరు 14న మళ్లీ లిబియాలోనే, ఇంటికి వచ్చేందుకు ట్రిపోలి విమానాశ్రయానికి వెళుతున్న ఏడుగురు కార్మికులను అస్ష్వెరిఫ్ దగ్గర అపహరించారు. ఆంధ్రప్రదేశ్, బిహార్, గుజరాత్, ఉత్తరప్రదేశ్ వాళ్లు. అప్పట్లో లిబియాలో మన రాయబార కార్యాలయం పనిచేయడం లేదు. పొరుగున ఉన్న ట్యునీషియాలోని మన రాయబారే లిబియా అధికారులతో మాట్లాడాల్సి వచ్చింది. అక్టోబరు 11న అందరూ క్షేమంగా బయటపడ్డారు. ఇంటి దగ్గర కుటుంబాలు అల్లాడుతుండగా దౌత్య అధికారులు చేసిన ఆ కృషిని మెచ్చుకోవాలి. చేయాలనుకుంటే చేయగలరని అది చూపించింది.

నల్లమలకు తెలిసిన సంగతి

బందీల కథ మనకు పరాయి దేశంలో మొదలు కాలేదు. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలోని గుర్తేడులో పీపుల్స్‌వార్ దళం ఐఏఎస్ అధికారుల బృందాన్ని పట్టుకుంది. అందులో ఎస్.ఆర్.శంకరన్ ఉన్నారు. జైళ్లలో ఉన్న ఎనిమిది మంది నక్సలైట్లను ఎన్టీఆర్ ప్రభుత్వం విడుదల చేశాక కొద్ది రోజుల్లోనే అధికారులంతా తిరిగొచ్చారు. బందీగా ఉండి వచ్చిన శంకరన్ ఆ తర్వాత చేసిన పని గుర్తుపెట్టుకోదగ్గది. పౌర స్పందన వేదికకు నాయకత్వం వహించి, ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య మాటలు నడవాలని ఏళ్ల తరబడి పాటుపడ్డారు. 2004 అక్టోబరులో ప్రకాశం జిల్లా చిన్నారుట్ల దగ్గర నల్లమలలోంచి మావోయిస్టు నేతలు బయటికొచ్చి, పల్నాడులోని గుత్తికొండ బిలం దగ్గర సభ పెట్టి, హైదరాబాద్‌లో చర్చలకు కూర్చున్నారంటే అందులో ఆయన శ్రమ ఉంది. ఆ చర్చలు నిలవలేదు. కానీ రెండు పక్షాలూ నమ్మే మధ్యవర్తి విలువ ఏమిటో ఈ నేలకు అప్పుడు తెలిసింది.

2011 ఫిబ్రవరి 16న ఒడిశా మల్కనగిరి కలెక్టర్ ఆర్.వినీల్‌కృష్ణను మావోయిస్టులు అపహరించినప్పుడూ ఇదే పనికొచ్చింది. ఆయన తెలుగువాడు. మధ్యవర్తుల్లో మన ప్రొఫెసర్ హరగోపాల్ ఉన్నారు. కలెక్టర్‌ను వదలాలంటూ అక్కడి జనమే ఊరేగింపులు తీశారు. ఎనిమిది రోజుల్లో ఆయన క్షేమంగా వచ్చారు.

కలెక్టరుకు ఎనిమిది రోజులు, అధ్యాపకులకు పదమూడు నెలలు. దేశం లోపల జరిగిన అపహరణకూ, ప్రభుత్వమే కుప్పకూలిన లిబియాలో జరిగినదానికీ పోలిక పెట్టలేం, నిజమే. అయినా ఒక తేడా మాత్రం దేశంతో సంబంధం లేనిది. కలెక్టరును ఎత్తుకెళితే గంటలో రాష్ట్రం కదులుతుంది. ఫిట్టరును ఎత్తుకెళితే, కదిలించాల్సిన పని అతని భార్యది.

నోరు మూసుకోవాలా?

ఇలాంటి ఇళ్లకు మొదట వచ్చే సలహా, మీడియాకు ఎక్కొద్దని. రచ్చ చేస్తే బందీ ధర పెరుగుతుందనీ, చర్చలు చెడతాయనీ అంటారు. అందులో కొంత నిజం ఉంది. ఎవరితో ఏం మాట్లాడుతున్నారు, డబ్బు సంగతేమిటి అన్నవి బయట పడకూడదు. మనిషి పేరు, అతను కావాలన్న మాట మాత్రం బయట ఉండాల్సిందే.

మౌనం ఎంత దూరం తీసుకెళుతుందో ఇరాక్‌లోని మోసుల్ చెప్పింది. 2014 జూన్‌లో అక్కడ బందీలైన 39 మంది భారతీయ కార్మికుల కుటుంబాలు, ఎక్కువగా పంజాబ్ వాళ్లు, ఏళ్ల తరబడి ఢిల్లీ చుట్టూ తిరిగాయి. బతికే ఉన్నారని తమ వర్గాలు చెబుతున్నాయని ప్రభుత్వం వారికి చెబుతూ వచ్చింది. 2018 మార్చి 20న, అందరూ చనిపోయారని పార్లమెంటులో ప్రకటించారు. చెడ్డ కబురైనా సరే, ముందు తెలుసుకునే హక్కు ఇంటివాళ్లది. ఆ హక్కును మనం ఇంకా రాసి పెట్టుకోలేదు.

అమెరికాలో రాయించింది ఓ తల్లి పట్టుదలే. సిరియాలో బందీ అయిన విలేకరి జేమ్స్ ఫోలీని 2014 ఆగస్టులో ఇస్లామిక్ స్టేట్ చంపింది. విడిపించడానికి డబ్బు కూడగడితే కేసులు పెడతామని అధికారులు తమను బెదిరించారని ఆయన తల్లి డయాన్ బహిరంగంగా చెప్పారు. ఆమెలాంటి కుటుంబాలు పట్టుబట్టడంతో 2015 జూన్‌లో ఒబామా ప్రభుత్వం విధానం మార్చింది. బందీల వ్యవహారాలకు ప్రత్యేక రాయబారి వచ్చారు. కుటుంబాలతో మాట్లాడే బాధ్యత ఒక విభాగానికి అప్పగించారు.

మన దగ్గర ఖాళీ ఎక్కడుందో చూడండి. పదో తరగతి పాసవని కార్మికుడు 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి. ఆ జాబితాలో లిబియా ఉంది. మాలి లేదు, కంబోడియా లేదు. డిగ్రీ ఉన్నవాడికైతే ఈ అనుమతి అవసరమే లేదు. అందుకే 2024లో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లిన విశాఖ కుర్రాళ్లు కంబోడియాలో సైబర్ మోసగాళ్ల చేతిలో బందీలయ్యేదాకా వాళ్లెక్కడున్నారో ప్రభుత్వం లెక్కలో లేదు. మేలో అక్కడి సిహనూక్‌విల్‌లో వందల మంది భారతీయులు తిరగబడ్డారు. 2025 నవంబరులో మాలిలోనే యాదాద్రి భువనగిరి జిల్లాకు చెందిన బోర్‌వెల్ కంపెనీ ఉద్యోగి అపహరణకు గురయ్యాడు. అంతకు కొన్ని నెలల ముందటి కాయెస్ ఘటన నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేదని దానర్థం.

విదేశాల్లోని మనవాళ్ల ఫిర్యాదుల కోసం విదేశాంగ శాఖకు మదద్ పోర్టల్ ఉంది. గుంటూరు జిల్లా తాడేపల్లిలోనే ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది, ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైన్ నడుపుతోంది. పల్లెల్లో వీటి పేర్లు తెలిసినవాళ్లు తక్కువ. ఉద్యోగానికి బయల్దేరే ప్రతి మనిషీ పాస్‌పోర్టు, వీసా, కంపెనీ చిరునామా, ఏజెంటు నంబరు ఇంట్లో ఒక కాపీ పెట్టి వెళ్లాలి. రాష్ట్ర ప్రభుత్వం ప్రతి కలెక్టరేటులో ఈ కుటుంబాల కోసం ఒక అధికారిని నియమించాలి. ఢిల్లీ నుంచి కబురున్నా లేకపోయినా వారానికోసారి ఆ అధికారే ఇంటికి ఫోన్ చేయాలి. కేంద్రం ఆ 18 దేశాల జాబితాను తిరగరాయాలి. మాలి పేరు అందులో చేర్చడానికి ఇంకో అపహరణ జరగనవసరం లేదు.